ఇల్లు అప్పజెప్పిన ఏడాది

కొండాపూర్‌లో నేను చూపించుకునే మానసిక వైద్యుడి క్లినిక్‌లో, కొత్తగా వచ్చినవాళ్ల చేత ఒక కాగితం నింపిస్తారు. పేరు, వయసు, ఫోను నంబరు, వాటి కింద ‘వెంట వచ్చినవారు’ అని ఒక గడి. మొదటిరోజు ఆ గడిలో నేను అడ్డగీత పెట్టాను. అప్పటికి నా భార్య పద్మజ కింద కారు ఆపడానికి చోటు వెతుక్కుంటోంది. అయినా అడ్డగీతే పెట్టాను.

పక్కన కూర్చున్నాయన కాగితం కనబడింది. ఆయనా గీతే పెట్టాడు. ఒళ్లో లాప్‌టాప్ సంచి, మెడలో కంపెనీ కార్డు. కార్డు మీద ఫొటో కనబడకుండా వెనక్కి తిప్పుకున్నాడు. ఎదుటి వరుసలో ఉన్న ఆడవాళ్లందరి పక్కనా ఎవరో ఒకరున్నారు. తల్లి, భర్త, అత్త. ఒకామె పక్కనున్న అత్తగారు గోడవైపు తిరిగి కూర్చుంది, అయినా వచ్చింది.

కాగితాలు తీసుకునే ఆయా యాదమ్మ నా గీత చూసి ఏమీ ఆశ్చర్యపోలేదు.

“మొగోళ్లు గిట్లనే సార్. ఒక్కళ్లే వస్తరు. ఆడోళ్లనయితే తిట్టుకుంటనో కొట్టుకుంటనో ఎవరో ఒకళ్లు పట్టుకొస్తరు. మొగోళ్లు చానమంది అసలు ఈడిదాంక రానే రారు.”

“రాకపోతే?”

“కూసోండ్రి సార్. జర లేటయితది” అని నీళ్ల గ్లాసు తెచ్చి చేతికిచ్చింది.

ముప్పై ఏళ్లుగా నేను హేతువాదిని. పగలు రాయదుర్గంలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉద్యోగం, ఆదివారాలు వ్యాసాలు, ఉపన్యాసాలు. బాబాలతో, జ్యోతిషులతో, మా సంఘంలోని మెతకవాళ్లతో వాదించాను. ఓడిన జ్ఞాపకం లేదు. యాదమ్మ అరనిమిషంలో చెప్పిన విషయం మీదే ఎనిమిదేళ్ల కిందట పెద్ద వ్యాసం రాశాను, తలకిందులుగా రాశాను. దానికి సవరణ ఇప్పుడు వేసుకుంటున్నాను. నాకు బాగైపోయిందని దీనర్థం కాదు. పెన్ను పట్టుకోగలిగేంత ఓపిక వచ్చింది, అంతే.

ఒక మాట ముందే చెబుతాను. ఈ కథలో ఇద్దరు మనుషులు చావు అంచుదాకా వెళ్లారు. ఎలా అన్నది రాయను. ఆ వివరం చదివి ఎవరికీ మేలు జరగదు, కొందరికి కీడు జరుగుతుంది.

*

మొదటి మనిషి నా చెల్లెలు సుజాత. నాకంటే పదకొండేళ్లు చిన్నది. మాది ప్రొద్దుటూరు. నా వెనకే ఈ ఊరొచ్చి, ఉద్యోగం, పెళ్లి అన్నీ ఇక్కడే. ఎనిమిదేళ్ల కిందట ఒక మధ్యాహ్నం ఆమె ఆస్పత్రిలో ఉందని సుజాత భర్త, మా బావ ఫోన్ చేశాడు. నేను వెళ్లేసరికి ప్రాణాపాయం తప్పింది.

మంచం పక్కన నిలబడి నేను అడిగిన మొదటి ప్రశ్న, “కారణం చెప్పు.”

“తెలీదున్నా.”

“తెలీకుండా ఎట్లుంటాది? ఆయన ఏమన్నా అన్నాడా? ఆఫీసులోనా? కారణం లేకుండా ఏదీ జరగదు సుజీ.”

“నిజంగా తెలీదున్నా. బరువుగా ఉండాది. ఊరికే బరువుగా ఉండాది.”

బరువు నాకు సమాధానంగా అనిపించలేదు. వరండాలోకి వచ్చి బావతో, “భయపెట్టడానికి చేసిందిలే, నిజంగా పోవాలనుకున్నోళ్లు ఇట్ల చేయరు” అన్నాను. ఓదార్పుగానే అన్నాననుకున్నాను. తలుపు తెరిచే ఉంది.

అమ్మ చుట్టాలకు కడుపునొప్పి అని చెప్పింది. మూడోరోజు ఇంటికి పంపారు. మానసిక వైద్యుడికి చూపించమని కాగితం మీద రాసిచ్చారు, ఎవరూ చూపించలేదు. ఆ తర్వాత పెళ్లిళ్లలో, గృహప్రవేశాల్లో సుజాత గొంతు కాస్త పెరిగితే చాలు, “దాన్నేమీ అనొద్దప్పా, మళ్లీ ఏమన్నా చేసుకుంటాది” అని ఎవరో గొణిగేవారు, ఇంకెవరో నవ్వేవారు. నేనూ నవ్వాను.

రెండు నెలల తర్వాత వ్యాసం రాశాను. ప్రయత్నించేవాళ్లలో ఆడవాళ్లు ఎక్కువ, చనిపోయేవాళ్లలో మగవాళ్లు ఎక్కువ అని చాలా దేశాల లెక్కలు చెబుతాయి. నేను దాన్ని పట్టుకుని ఒక వాక్యం చెక్కాను: “ఆడవాళ్లది విన్నపం, మగవాళ్లది తీర్పు.” సభలో చదివినప్పుడు ఆ వాక్యం దగ్గర చప్పట్లు పడ్డాయి. మన దేశంలో చిన్న వయసు ఆడవాళ్ల సంగతి ఆ లెక్కలకు అంత తేలిగ్గా లొంగదని, చనిపోతున్న ఆడపిల్లలు ఇక్కడ ఎందరో ఉన్నారని నేను ఆ లెక్కలు తీసుకున్న పుస్తకంలోనే తర్వాతి పేజీల్లో ఉంది. నేను అంతదూరం చదవలేదు. నాకు కావలసింది ముందే దొరికింది. ఏ జ్యోతిషుడైనా చేసే పని ఇదే.

*

నా జబ్బు పోయిన ఏడాది జూన్‌లో మొదలైంది. మొదలైందని తర్వాత తెలిసింది. అన్నం నోట్లో పెట్టుకుంటే తడి కాగితం నమిలినట్టుండేది. మీటింగుల్లో మనుషుల పెదవులు కదిలేవి, మాట ఆలస్యంగా చేరేది. రాయదుర్గం మెట్రో స్టేషన్ నుంచి మా ఆఫీసు పది నిమిషాల నడక. మధ్యలో రెండుసార్లు ఆగి గోడకు ఆనుకునేవాణ్ణి.

పరీక్షలు చేయించారు. షుగర్ లేదు, థైరాయిడ్ లేదు, విటమిన్ డి తక్కువ. సైబరాబాద్‌లో సగం మందికి ఎండ తగలదు, అదే తక్కువ. “వర్క్ ప్రెషర్ సార్, వారం గోవా వెళ్లిరండి” అన్నాడు నా కింద పనిచేసే కుర్రాడు. అందరూ నా రక్తాన్ని అడిగారు. నన్ను ఎవరూ అడగలేదు. అడిగినా చెప్పేవాణ్ణి కాదు, అది వేరే సంగతి.

చావాలన్న ఆలోచన ఏడుపుగా రాలేదు. వచ్చుంటే గుర్తుపట్టేవాణ్ణి. అది వాదనగా వచ్చింది. ఏ నమ్మకాన్నైనా పరీక్షకు పెట్టమని ఊరూరా చెప్పినవాణ్ణి కదా, నేను బతికుండటం అన్న విషయాన్ని పరీక్షకు పెట్టాను. ఆధారం ఏమిటి? ఎవరికి ఉపయోగం? ఎదుటిపక్షం తరఫున మాట్లాడాల్సినవాణ్ణీ నేనే, వాడికి నోరు పెగల్లేదు. తీర్పు చెప్పిందీ నేనే. జబ్బు నా గొంతుతో, నా తర్కంతో, నా వాక్యాలతో మాట్లాడింది. దయ్యం పట్టిందని నమ్మేవాడికైనా లోపల మాట్లాడేది ఇంకెవరో అన్న అనుమానం ఉంటుంది. నాకు ఆ అనుమానం కూడా లేదు.

*

ఆగస్టులో ఇల్లు అప్పజెప్పడం మొదలుపెట్టాను.

మా కంపెనీల్లో ఒక పద్ధతి ఉంది. ఎవరైనా ఉద్యోగం మానేస్తే, వెళ్లేలోపు తన పనంతా ఇంకొకరికి నేర్పాలి. దాన్ని కేటీ అంటాం. నేర్చుకున్నవాళ్లు ఆ తర్వాత అదే పనిని తిరిగి మనకే వివరించి చెప్పాలి. అది రివర్స్ కేటీ. అది సరిగ్గా జరిగితేనే మనిషిని వదిలిపెడతారు. ఇరవై ఏళ్లలో నేను ఎన్ని కేటీలు చూశానో లెక్కలేదు. వెళ్లిపోయే మనిషి ఏం చేయాలో నాకు చేతికొచ్చిన పని.

ముప్పై ఎనిమిది వరుసలతో ఒక పట్టిక చేశాను. మంచినీళ్ల ట్యాంకర్ ఎవరికి చెప్పాలి, ఇన్వర్టర్‌లో నీళ్లు ఎప్పుడు పోయాలి, గ్యాస్ ఏ ఫోన్ నుంచి బుక్ చేయాలి, అమ్మాయి స్కూల్ యాప్ పాస్‌వర్డ్, అపార్ట్‌మెంట్ సంఘంలో ఎవరితో వాదన పెట్టుకోకూడదు. ఆదివారం పొద్దున టిఫిన్ అయ్యాక భోజనాల బల్ల దగ్గర పద్మజను కూర్చోబెట్టి నాలుగేసి వరుసలు చెప్పేవాణ్ణి.

పద్మజది తెనాలి. మురిసిపోయింది. “పదహారేళ్లకు బుద్ధొచ్చిందండీ మీకు! ఇన్నాళ్లూ గీజర్ స్విచ్చేదంటే అదేదో రాజ్య రహస్యంలా దాచారు” అంది. వాళ్లమ్మకు ఫోన్ చేసి నా ఎదుటే చెప్పింది, “అమ్మా, మీ అల్లుడు మారిపోయాడే. కోపం లేదు, కేకల్లేవు. అన్నీ ఓపిగ్గా చెబుతున్నాడు.”

నిజమే, ఆ వారాల్లో నాకు కోపం లేదు. తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి మాత్రం వైఫై పెట్టె ఎలా రీసెట్ చేయాలో నేర్పుతుంటే, “నాన్నా, మీరు కంపెనీ మారుతున్నారా, ఇల్లు మారుతున్నారా?” అంది. ముగ్గురం నవ్వాం.

ఇది చదివేవాళ్లు ఇక్కడ ఒక క్షణం ఆగండి. అదే పద్మజ ఆ నెలల్లో వంటింట్లో కూర్చుని ఏడ్చి ఉంటే నేను విసుక్కుంటూనైనా ఎందుకని అడిగేవాణ్ణి. సుజాత మాట పెంచితే మా వాళ్లు వెక్కిరిస్తూనైనా గమనించారు. నేను అరవడం మానేసి, అల్మరా సర్ది, ఫైళ్లకు చీటీలు అతికిస్తే అది బాధ్యతగా కనబడింది. మెచ్చుకున్నారు. ఈ తేడా నేను వ్యాసంలో రాసినట్టు ధైర్యానికీ పిరికితనానికీ సంబంధించింది కాదు. ఆడదాని ప్రమాదాన్ని గోల అని కొట్టేస్తాం. మగవాడి ప్రమాదాన్ని మంచి గుణం అనుకుంటాం. రెండు చోట్లా మనిషి పోతాడు.

*

అక్టోబర్ మొదటి ఆదివారం రివర్స్ కేటీ. నేనే పట్టుబట్టాను. పద్మజ, అమ్మాయి లెక్కల కోసం కొన్న తెల్లబల్లను గోడకు ఆనించి, చేతిలో స్కేలు పట్టుకుని నిలబడింది.

“అందరికీ నమస్కారం. ప్రశ్నలుంటే చివర్లో అడగండి సార్, మధ్యలో అడ్డొస్తే బయట నిలబెడతా.”

“అమ్మా, నాన్నను నిలబెట్టు, చూడాలనుంది నాకు.”

పద్మజ ముప్పై రెండు వరుసలు తడుముకోకుండా చెప్పింది. ట్యాంకర్ వాడి పేరుతో సహా. నేను ఒక్కో వరుస ఎదుట టిక్కు పెడుతున్నాను. ముప్పై మూడో వరుస దగ్గర ఆగింది. తెల్లబల్ల వదిలేసి నా ముందున్న కాగితం తీసుకుని మొదటి నుంచి చివరిదాకా వేలు పెట్టి చూసుకుంది.

“ఏమండీ, మీ ఆఫీసు కథలు చెప్పేటప్పుడు అంటుంటారు కదా, ప్రతి పనికీ ఇద్దరుండాలి, ఒకరు లేకపోతే బదులు ఇంకొకరని.”

“ఊఁ.”

“ఇక్కడ ‘ఎవరు’ అన్నచోట అన్నిటికీ నా పేరుంది. బాగానే ఉంది. ‘బదులు ఎవరు’ అన్నచోట వాచ్‌మన్ ఉన్నాడు, సుజాత ఉంది, అమ్మాయి ఉంది. గీజర్‌కి కూడా పై ఫ్లాటాయన పేరు రాశారు. మీ పేరు ఒక్కచోటా లేదేంటండీ?”

నా ఉద్యోగం తప్పులు పట్టడం. పక్కవాళ్లు రాసిన ప్రోగ్రాముల్లో, పట్టికల్లో, ఖాళీగా ఉండకూడని గడి ఖాళీగా ఉంటే ఇరవై ఏళ్లుగా పట్టుకుంటున్నవాణ్ణి నేను. నా పట్టికలో నేను లేనని నాకు కనబడలేదు.

పద్మజ అమ్మాయివైపు తిరిగి, “కింద షాపులో పెరుగు తీసుకురామ్మా” అంది. ఫ్రిజ్‌లో పెరుగుందని ముగ్గురికీ తెలుసు. అమ్మాయి చెప్పులేసుకుని వెళ్లింది.

“ఎక్కడికెళ్తున్నారు?”

“ఎక్కడికీ లేదు.”

“చచ్చిపోదామనుకుంటున్నారా?”

ఆ మాట మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ అలా ఉన్నదున్నట్టు అనలేదు. సుజాత విషయంలో కూడా ‘అట్ల చేసుకుంది’ అనేవాళ్లమే గానీ పేరు పెట్టి అన్నది లేదు. నా దగ్గర నాలుగు నెలలుగా పదును పెట్టిన వాదన ఉంది. నోరు తెరిచేసరికి ఒక్క వాక్యం రాలేదు.

“అవును” అన్నాను.

ఆమె ఏడవలేదు. వాష్‌బేసిన్ దగ్గరికెళ్లి మొహం కడుక్కుని, తుడుచుకోకుండానే సుజాతకు ఫోన్ చేసింది. నాకు డాక్టర్ స్నేహితులున్నారు, సంఘంలో పెద్దలున్నారు. ఎవరికీ చేయలేదు. “ఆ దారి తెలిసిన మనిషి మనకు సుజాతే కదండీ” అని తర్వాత చెప్పింది.

సుజాత నానక్‌రామ్‌గూడ నుంచి షేర్ ఆటోలో వచ్చింది. సోఫాలో నా పక్కన కూర్చుంది. కారణం అడగలేదు.

“అన్నం తిన్నావా?”

“లేదు.”

“వదినా, అన్నను ఒక్కణ్ణే వదలొద్దు. ఆఫీసుకు గూడా పంపొద్దు ఇప్పుడు. రేప్పొద్దునే డాక్టరు కాడికి పోవల్ల. ఈయనేమన్నా వాదిస్తే ఇనొద్దు, బాగా వాదిస్తాడు ఈయన.”

మర్నాడే కొండాపూర్ క్లినిక్, ఆ కాగితం, ఆ అడ్డగీత. కారు పెట్టి పైకొచ్చిన పద్మజ నా చేతిలోంచి కాగితం లాక్కుని గీత కొట్టేసి, పైన తన పేరు రాసింది. కలం గట్టిగా నొక్కడంతో కాగితం చిరిగింది.

*

ఆ తర్వాత నెలల గురించి చెప్పడానికి పెద్దగా లేదు. మందులు నిద్ర ఇచ్చాయి, ఒళ్లు బరువెక్కించాయి. ఆలోచనను చంపలేదు. పక్క గదిలోకి జరిపాయి. తలుపు వేసి ఉంటుంది, లోపల ఉందని తెలుసు.

పద్మజ మాత్రలు తనే దాచి పూటపూటకీ ఇచ్చేది. బాత్రూంలో అయిదు నిమిషాలు దాటితే తలుపు కొట్టేది. డిసెంబర్‌లో ఒకరోజు నేను విసుక్కుంటే గిన్నె విసిరికొట్టి, “నేను మీ పెళ్లాన్నా, కాపలాదాన్నా? మీరు ఓపిగ్గా గీజర్ గురించి చెబుతుంటే సంబరపడ్డానండీ నేను! మా అమ్మకు చెప్పుకున్నాను! ఆ సిగ్గు ఎక్కడ పెట్టుకోను?” అని అరిచింది. మా అమ్మాయి జోకులు మానేసింది. నేను గది మారితే పుస్తకం పట్టుకుని ఆ గదిలోకి వచ్చేది.

ప్రొద్దుటూరు చుట్టాలకు తెలిసిపోయింది. అక్కడ నాకొక గౌరవం తయారైంది. “మేధావులకు ఇట్లాంటివి వస్తాంటాయబ్బయ్యా, బుర్ర ఎక్కువ వాడితే వేడెక్కదా?” అన్నాడు మా పెద్ద మామ. అమ్మ ఏడుస్తూ, “ఎంత మోసినావో నాయనా” అంది. సుజాతకు వచ్చిన జబ్బే నాకొచ్చింది. ఆమెది నాటకం అయింది, నాది త్యాగం అయింది. హేతువాద మిత్రుడొకడు ఫోన్ చేసి, “నీలాంటివాడికి కూడానా? మనోబలం ఏమైంది?” అన్నాడు. కోపం రాలేదు. అతని స్థానంలో ఉంటే నేను ఇంకా చక్కని వాక్యంతో అదే అనేవాణ్ణి.

*

జనవరికల్లా పద్మజ తన ఆఫీసులో పెట్టిన సెలవులన్నీ అయిపోయాయి. గురువారాలు నా వెంట సుజాత రావడం మొదలుపెట్టింది. ఫిబ్రవరిలో ఒక గురువారం డాక్టర్ నన్ను చూడటం అయిపోయింది. మందుల చీటీ కోసం ఇద్దరం బయట బెంచీ మీద కూర్చున్నాం. నాలుగు నెలలుగా కూడగట్టుకున్న మాట ఎత్తాను.

“అప్పుడు నేను రాసిన వ్యాసం...”

“చదివినాలే.”

“అందులో నీ పేరు...”

“పేరు లేదు. నేనే గదా.” ఫోన్ వంకే చూస్తోంది. “విన్నపం అన్నావు గదున్నా అందులో. సరే, విన్నపమే అనుకో. మరి ఎవురన్నా చదివినారా దాన్ని?”

గోడ మీద ఎర్ర అంకెల బోర్డులో నంబరు మారింది. ఎవరో లేచి లోపలికి వెళ్లారు.

“సుజీ, ఆ ఆలోచన ఇప్పుడు గూడా వస్తుందా నీకు?”

ఆమె వేలు ఫోన్ తెర మీద ఆగింది.

“వస్తాంటాది.”

“ఎప్పుడు వచ్చింది?”

“పోయిన నెల. మొన్న గూడా.” ఫోన్ ఒళ్లో బోర్లించింది. “ఎనిమిదేండ్లలో ఈ మాట అడిగింది నువ్వేన్నా. నీకొచ్చినాక అడిగినావు.”

ఎందుకు అన్న ప్రశ్న నా నాలుక చివరిదాకా వచ్చింది. మింగాను. లేచి యాదమ్మ దగ్గరికెళ్లి కొత్త కాగితం అడిగాను.

“మీదయిపోయింది గద సార్?”

“మా చెల్లెలికి.”

సుజాత కలం పట్టుకోలేదు. “ఇప్పుడెందుకున్నా. అప్పుడు ఆస్పత్రిలో రాసిచ్చిన కాగితం యాడికి పోయిందో పోయె. నాకు నాలుగింటికి మీటింగుండాది.” నేనే నింపాను. పేరు రాశాను. వయసు దగ్గర ఆగాను.

“అది గూడా తెలీదా నీకు?” అంది. నవ్విందో లేదో చెప్పలేను. “ముప్పై ఎనిమిది.”

‘వెంట వచ్చినవారు’ అన్న గడిలో నా పేరు రాశాను. ఆమె నంబరు యాభై రెండు. బోర్డు మీద ముప్పై నాలుగు. మూడున్నరకు నలభై ఒకటి. ఆమె లేచి సంచి భుజానికి వేసుకుంది.

“వచ్చే వారం చూద్దాంలే.”

నేను వాదించలేదు. యాదమ్మకు చెబితే ఆమె పుస్తకం తిరగేసి, మర్నాడు పొద్దున మొదటి నంబరు సుజాత పేరున రాసింది. బావకు ఫోన్ చేసి, ఎనిమిదేళ్ల కిందట వరండాలో చెప్పింది తప్పని, ఈ రాత్రి ఆమెను ఒంటరిగా వదలొద్దని చెప్పాను. ఆయన ఫోన్ పెట్టేయకుండా చివరిదాకా విన్నాడు. అదంతా సుజాత వింటూనే ఉంది. తర్వాత ఆమెతో పాటే షేర్ ఆటో ఎక్కాను. “యాడికి?” అంది. “నీతోనే” అన్నాను.

నానక్‌రామ్‌గూడలో ఆమె ఆఫీసు పదహారో అంతస్తు. కింద సెక్యూరిటీ అతను నా ముందుకు రిజిస్టర్ తోశాడు. పేరు. ఎవరి కోసం. ఆమె పేరు రాశాను. తర్వాత గడి, వచ్చిన కారణం.

నా చేయి అక్కడ ఆగింది.

“కారణం రాయాలె సార్. ఇంటర్వ్యూనా, డెలివరీనా?”

“కారణం లేదు. ఇక్కడ కూర్చుంటాను.”

“ఖాళీ ఉంచొద్దు సార్. నన్ను తిడతరు.”

అతనే కలం తీసుకుని ఏదో రాశాడు. నేను చూడలేదు. లిఫ్టుల ఎదుట కుర్చీలో కూర్చున్నాను. మీటింగ్ గంటేనంది. గంటన్నర దాటింది. లిఫ్టు తెరుచుకున్నప్పుడల్లా కార్డులు వేసుకున్న మనుషులు బయటికొస్తున్నారు. వాళ్లలో ఆమె లేదు. నేను మొహాలన్నీ చూస్తున్నాను, ఆడవాళ్లవీ, మగవాళ్లవీ. దేని మీదా ఏమీ రాసి లేదు.

ఆరింటికి ఆమె వచ్చింది.

“ఇంతసేపూ ఈడనే కూచున్నావా?”

“ఊఁ.”

“టీ అన్నా తాగినావా?”

“లేదు.”

“పద” అంది. మర్నాడు పొద్దున క్లినిక్‌కు వస్తానని అనలేదు. రానని కూడా అనలేదు.